సింఫనీ కచేరీలో చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? కొత్త శ్రోతను తికమక పెట్టే నియమాలు, వాటి వెనక కారణాలు

2025 మార్చి 8న ఇళయరాజా లండన్‌లో తన సింఫనీని వినిపించిన దగ్గర్నుంచి ఆ మాట తెలుగు ఇళ్లలోనూ తరచుగా వినబడుతోంది. అంతకు చాలా ముందు నుంచే హైదరాబాద్‌లో పిల్లల్ని పియానో క్లాసుకో, వెస్టర్న్ వయొలిన్ క్లాసుకో పంపే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గ్రేడ్ పరీక్షల టెన్షన్ బాగా తెలిసిన ఆ తల్లిదండ్రులకు కూడా, నిజమైన ఆర్కెస్ట్రా ఎదుట కూర్చుని వినే అవకాశం వస్తే బెరుకు పట్టుకుంటుంది. ఏ బట్టలు వేసుకోవాలి? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? దగ్గొస్తే ఎలా? అసలు మనకేమైనా అర్థమవుతుందా? చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో తొడ మీద తాళం వేసుకుంటూ హాయిగా కచేరీలు వినేవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి బిగుసుకుపోతారు.

ఈ బెరుకు చాలావరకు సంగీతం చుట్టూ అల్లుకున్న నియమాల వల్ల వచ్చేదే. ఆ నియమాలన్నీ ఒక్క కోవకు చెందినవి కావు. మైకు వాడకపోవడం వల్ల తప్పనిసరైనవి కొన్ని. రచన కట్టుబడిని బట్టి వచ్చినవి మరికొన్ని. మిగిలినవి యూరప్ నగరాల్లో సుమారు నూట యాభై ఏళ్లుగా స్థిరపడిన అలవాట్లు. ఏది ఏ కోవలోదో విడదీస్తే, దేన్ని తప్పక పాటించాలో, దేని గురించి దిగులు పడక్కర్లేదో తేలుతుంది.

వేదిక మీద ఎవరెవరు ఉంటారు

మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిట్లోనో, పెళ్లి రిసెప్షన్‌లోనో కీబోర్డు, ప్యాడ్స్, ఇద్దరు ముగ్గురు గాయకులతో సినిమా పాటలు పాడే బృందం. సింఫనీ ఆర్కెస్ట్రాలో అరవై నుంచి వంద మంది దాకా వాద్యకారులు ఉంటారు. సాధారణంగా పాడేవాళ్లు ఉండరు. ముందు వరసల్లో తంత్రీ వాద్యాలు ఉంటాయి. మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దవైన వయోలాలు, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లోలు, మనిషి ఎత్తును దాటే డబుల్ బేస్‌లు. వాటి వెనక ఫ్లూట్, ఒబో, క్లారినెట్, బసూన్. ఆ వెనక హార్న్‌లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబా. చిట్టచివర టింపని అనే పెద్ద రాగి భేరులు.

ఇందులో వయొలిన్ మనకు పాత చుట్టమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసు ప్రాంతంలో యూరోపియన్ వాద్యకారుల దగ్గర నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. నోట్టుస్వర సాహిత్యాలుగా పేరుపడ్డ ఆ రచనల్లో ‘సంతతం పాహిమాం’ వరస బ్రిటిష్ జాతీయగీతానిదే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) ఆ వాద్యాన్ని తెలుగువాళ్ల సొంతం చేశారు. అయితే ఒకే వాద్యమైనా రెండు చోట్లా వాయించే తీరు వేరు. మన విద్వాంసులు కింద కూర్చుని, వయొలిన్ కొసను పాదానికి ఆనించి, తీగల్ని స–ప–స–ప వరసలో శ్రుతి చేసుకుంటారు. గమకం కోసం వేలు తీగ మీద జారుతూనే ఉంటుంది. ఆర్కెస్ట్రాలో వయొలిన్‌ను గడ్డం కింద ఉంచుతారు. తీగలు జి–డి–ఎ–ఇ వరసలో ఉంటాయి. ఒక వరసలో ఉన్న పద్నాలుగు, పదహారు మంది ఒకే స్వరాన్ని, కమాను ఒకే దిక్కుకు లాగుతూ వాయిస్తారు.

వాళ్లు వాయించే రచనల్లో మూడు రకాల పేర్లు తరచుగా వినిపిస్తాయి. ఓవర్చర్ అంటే ఒకే భాగం ఉన్న చిన్న రచన. కాన్చెర్టో అంటే పియానోనో వయొలినో ప్రధాన వాద్యంగా, ఆర్కెస్ట్రా తోడుగా సాగేది. దీనికి సాధారణంగా మూడు భాగాలు. సింఫనీ మొత్తం ఆర్కెస్ట్రా కోసం రాసింది, దీనికి ఎక్కువగా నాలుగు భాగాలు. ఈ భాగాన్నే మూవ్‌మెంట్ అంటారు. చప్పట్ల గొడవ మొత్తం ఈ మూవ్‌మెంట్ల దగ్గరే ఉంది.

మైకు లేని చోట మౌనం ఎందుకు

మంచి హాల్లో సింఫనీ ఆర్కెస్ట్రాకు మైకులు పెట్టరు. వాద్యం నుంచి పుట్టిన ధ్వని గోడలకూ పైకప్పుకూ తగిలి మన దాకా రావాలి. వేదిక మీద అంతమంది ఉండటానికి గట్టిగా వినబడటం ఒక్కటే కారణం అనుకుంటాం గానీ, లెక్క చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. ఒకే స్వరం వాయించే వాద్యాల సంఖ్య రెట్టింపైతే ధ్వని తీవ్రత 3 డెసిబెల్స్ పెరుగుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, ఎనిమిది పదహారైతే మొత్తం పెరిగేది 12 డెసిబెల్స్. మన చెవికి ధ్వని రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పదహారు వయొలిన్లు కలిసి వాయించినా ఒక్క వయొలిన్ కంటే రెండింతలకు కాస్త ఎక్కువగా మాత్రమే వినిపిస్తాయి. మరి అంతమంది ఎందుకు? ఎంత జాగ్రత్తగా వాయించినా వాళ్ల శ్రుతిలో, సమయంలో వెంట్రుకవాసి తేడాలు ఉంటాయి. ఆ తేడాలన్నీ కలిసిపోయి ఒంటరి వయొలిన్‌కు లేని నిండుదనం, నునుపు వస్తాయి. రికార్డింగులో ఎంత విన్నా, హాల్లో ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ నిండుదనం ఒంటికి తగులుతుంది. లైవ్ కచేరీకి వెళ్లమని నేను అందరికీ గట్టిగా చెప్పేది ప్రధానంగా దీనికోసమే.

దీనికి హాలు కూడా సహకరించాలి. వాద్యం ఆగాక ధ్వని 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలాన్ని బట్టి హాలు స్వభావాన్ని కొలుస్తారు. వియన్నాలోని మూసిక్‌ఫెరైన్ (1870), బోస్టన్ సింఫనీ హాల్ (1900) లాంటి చోట్ల అది రెండు సెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. బోస్టన్ హాలు కట్టేటప్పుడు వాలెస్ సబీన్ అనే భౌతిక శాస్త్రవేత్త ధ్వని లెక్కలు వేశాడు. ఉపన్యాసాలకు ఇంత మార్మోగే హాలు పనికిరాదు, ఒక మాట తోక ఇంకో మాట మీద పడుతుంది. మాటకు ఒక సెకను చుట్టుపక్కల ఉంటే మేలు. మన రవీంద్ర భారతి, శిల్పకళా వేదిక లాంటివి సభలకూ, నాటకాలకూ, నృత్యాలకూ అన్నిటికీ ఉపయోగపడేలా కట్టినవి. అందుకే ఇలాంటి హాళ్లలో మైకుల విషయంలో రెండు వాదాలు వినిపిస్తాయి. సున్నితంగా మైకులు పెడితే చివరి వరసకు కూడా అందుతుంది కదా అని ఒక పక్షం. మైకు పెడితే ఎడమ వైపున్న చెల్లో, కుడి వైపున్న హార్న్ అన్నీ ఒకే స్పీకర్లోంచి వచ్చి, ఏ వాద్యం ఎక్కడుందో చెవి పట్టుకోలేదని రెండో పక్షం. ధ్వని అంతగా మార్మోగని పొడి హాల్లో, ఆరుబయట మొదటివాళ్ల మాట కొట్టిపారేయలేం. ఎత్తైన పైకప్పు, గట్టి గోడలు ఉన్న పాత చర్చిల్లాంటి చోట రెండోవాళ్లదే పైచేయి అవుతుంది.

మైకు లేకపోతే శ్రోత మీద బాధ్యత పడుతుంది. వయొలిన్లు గుసగుసగా వాయించే చోట, పక్క కుర్చీలో చిప్స్ ప్యాకెట్ విప్పినా ఆ స్వరం మునిగిపోతుంది. మైకున్న కచేరీలో వాల్యూమ్ పెంచుకోవచ్చు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఒక రచన పూర్తయ్యేదాకా తలుపు బయటే ఆపేదీ అందుకే. ఫోన్ సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. 2012 జనవరి 10న న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ మాలర్ తొమ్మిదో సింఫనీ వాయిస్తోంది. చివరి మూవ్‌మెంట్‌లో సంగీతం నిశ్శబ్దంలోకి జారుకునే ఘట్టంలో ముందు వరసలో ఒక ఐఫోన్ మోగింది, ఎంతకీ ఆగలేదు. కండక్టర్ అలన్ గిల్బర్ట్ ఆర్కెస్ట్రాను ఆపేశాడు. ఫోన్‌ను సైలెంట్‌లోనే పెట్టానని దాని యజమాని నమ్మకం. మోగింది కాల్ కాదు, అలారం. సైలెంట్‌లో ఉన్నా అలారం మోగుతుంది కాబట్టి స్విచ్ఛాఫ్ ఒక్కటే సరైన దారి.

ఎక్కడ కూర్చుంటే బాగుంటుందనేది కూడా ధ్వనితో ముడిపడ్డదే. మొదటి వరసలో వయొలిన్లు మీద పడతాయి గానీ వెనకున్న ఒబో, క్లారినెట్ వాటి చాటున ఉండిపోతాయి. సినిమా హాల్లోలాగే మధ్య వరసలు దాటి కూర్చుంటే అన్నీ కలిసి వినబడతాయి. బాల్కనీ ఉంటే అక్కడి నుంచి ఏ వాద్యం ఎప్పుడు అందుకుంటోందో కంటికి కూడా కనబడుతుంది.

కండక్టర్ చేతికర్ర దేనికి

మన కచేరీలో తాళం ఎవరికి వారే వేసుకుంటారు. గాయకుడికీ మృదంగానికీ మధ్య రెండు గజాల దూరం కూడా ఉండదు. ఆర్కెస్ట్రాలో వేదిక ఈ చివరి నుంచి ఆ చివరకు పదిహేడు మీటర్లు ఉందనుకుందాం. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. అంటే ఆ మూల డబుల్ బేస్ మోత ఈ మూల వయొలిన్ వాద్యకారుడి చెవిన పడటానికి సుమారు 50 మిల్లీసెకన్లు పడుతుంది. ఇది పెద్ద తేడాయేనా? బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి మూవ్‌మెంట్‌కు ఆయన నిర్ణయించిన వేగంలో, ప్రసిద్ధమైన ఆ మూడు పొట్టి స్వరాల్లో ఒక్కోదానికి దక్కేది 139 మిల్లీసెకన్లే. అందులో మూడో వంతుకు పైగా ఆలస్యమన్నమాట. చెవిని నమ్ముకుంటే అందరూ వెనకబడతారు. కంటికి ఆ ఇబ్బంది లేదు. అందుకే అందరూ ఒకే కర్ర కొసను చూస్తారు, కండక్టర్ చేయి కూడా వినిపించే స్వరానికి ఒక అడుగు ముందే కదులుతుంది.

తాళం చూపించడం ఆయన పనిలో చిన్న భాగం. ఎవరు గట్టిగా, ఎవరు మెల్లగా, ఈ వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నవి రిహార్సల్స్‌లోనే నిర్ణయమవుతాయి. కచేరీలో ఎడమ చేయి వాటిని గుర్తుచేస్తూ ఉంటుంది. ఒకే సింఫనీ ఇద్దరు కండక్టర్ల చేతిలో వేర్వేరుగా వినిపించేది అందుకే.

కండక్టర్ రాకముందు ఇంకో తంతు ఉంది. మొదటి వయొలిన్ల నాయకుడు లేచి నిలబడగానే ఒబో ఒక స్వరం పట్టుకుంటుంది. అది ఎ, సెకనుకు 440 కంపనాలు. కొన్ని యూరప్ ఆర్కెస్ట్రాలు దాన్ని 442, 443 దాకా పెట్టుకుంటాయి. మిగిలిన వాద్యాలన్నీ దానికి శ్రుతి కలుపుకుంటాయి. ఇది రచన కాదని తెలియక కొత్తవాళ్లు చప్పట్లు కొట్టడం సహజమే. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జరిగిన కచేరీలో పండిట్ రవిశంకర్ బృందం శ్రుతి చేసుకుంటుంటే అక్కడి జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేయడమే ఇంతగా నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందని ఆయన నవ్వుతూ అన్నారు. పరాయి సంగీతం ముందు తడబాటు రెండు వైపులా ఉండేదే.

ప్రోగ్రామ్ కాగితం చదివే పద్ధతి

ఒక ఊహా కార్యక్రమం తీసుకుందాం. మొదట బీథోవెన్ ఎగ్మాంట్ ఓవర్చర్, ఓపస్ 84. తర్వాత మోజార్ట్ పియానో కాన్చెర్టో నంబర్ 20, డి మైనర్, కె. 466. ఆ తర్వాత విరామం. చివరగా బీథోవెన్ సింఫనీ నంబర్ 5, సి మైనర్, ఓపస్ 67.

ఓపస్ అంటే ఆ స్వరకర్త రచనల ప్రచురణ సంఖ్య. కె. అనే అక్షరం మోజార్ట్ రచనలకు పట్టిక తయారుచేసి 1862లో ప్రచురించిన కోషెల్ పేరు నుంచి వచ్చింది. డి మైనర్, సి మైనర్ అనేవి ఆధార స్వరాన్నీ, స్వరాల అమరికనూ చెబుతాయి. ఇవేవీ తెలియకపోయినా వినడానికి అడ్డు రావు. చూడాల్సింది ఒక్కో రచన కింద ఉన్న ఇటాలియన్ మాటల వరసల్ని. కాన్చెర్టో కింద అలెగ్రో, రొమాంజ్, రోండో అని మూడు వరసలు ఉంటాయి. సింఫనీ కింద అలెగ్రో కొన్ బ్రియో, అందాంతె కొన్ మోతో, అలెగ్రో, అలెగ్రో అని నాలుగు. ఒక్కో వరస ఒక్కో మూవ్‌మెంట్. అలెగ్రో అంటే వేగంగా, అందాంతె అంటే తీరిగ్గా నడిచే వేగం, అదాజియో అంటే ఇంకా నెమ్మదిగా.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఓవర్చర్ ఒకటి, కాన్చెర్టో మూడు, సింఫనీ నాలుగు, మొత్తం ఎనిమిది మూవ్‌మెంట్లు. నేటి సంప్రదాయం ప్రకారం చప్పట్లు ఒక్కో రచన చివర, అంటే మూడు సార్లే. కాన్చెర్టోలో రెండు చోట్ల, సింఫనీలో రెండు చోట్ల సంగీతం పూర్తిగా ఆగుతుంది గానీ రచన పూర్తి కాదు. సింఫనీ మూడో మూవ్‌మెంట్ ఆగకుండా నాలుగోదానిలోకి వెళ్లిపోతుంది కాబట్టి అక్కడ అసలు ఖాళీయే లేదు. అంటే ఈ మొత్తం కార్యక్రమంలో పొరపాటు జరగడానికి ఆస్కారమున్న ఖాళీలు నాలుగు. ఎగ్మాంట్‌లో ఇంకో మాయ ఉంది. ముగింపుకు ముందు సంగీతం ఒక్కసారి తగ్గిపోయి ఆగినంత పని చేస్తుంది, ఆ తర్వాతే విజయ ఘోష మొదలవుతుంది.

కాన్చెర్టోలోనూ ఒక చోట ఆర్కెస్ట్రా మొత్తం నిలిచిపోతుంది. అది కెడెన్జా. పియానో ఒక్కటే మిగిలి తన ప్రతాపం చూపిస్తుంది. ఒకప్పుడు దాన్ని అప్పటికప్పుడు అల్లి వాయించేవారు. మన మనోధర్మానికి దగ్గరగా ఉండే ఘట్టం అది. ఈ కాన్చెర్టోకు మోజార్ట్ రాసుకున్న కెడెన్జాలు మనకు దొరకలేదు, చాలామంది బీథోవెన్ రాసినవి వాయిస్తారు. రెండు పక్క స్వరాల మధ్య వేళ్లు వేగంగా ఆడుతూ కంపించిందంటే ఆర్కెస్ట్రా తిరిగి అందుకోబోతోందని అర్థం.

ఐదో సింఫనీని స్వరాల్లో పట్టుకుంటే

సి స్వరాన్ని షడ్జం అనుకుంటే ఐదో సింఫనీ మొదలు ‘పపప గా, మమమ రీ’. ఇందులో గాంధారం సాధారణ గాంధారం. మూడు పొట్టి, ఒకటి పొడుగు. మొదటి మూవ్‌మెంట్ మొత్తం దాదాపు ఈ నాలుగు స్వరాల లయ మీదే నిలబడుతుంది. నిజానికి మొదట పడేది స్వరం కూడా కాదు, చిన్న విరామం. కండక్టర్ కర్ర నిశ్శబ్దం మీద పడుతుంది, ఆ వెంటనే ‘పపప’ దూసుకొస్తుంది. తాళం పడ్డాక పాట ఎత్తుకోవడం మన కీర్తనల్లో మామూలే కాబట్టి మనకు ఇది కొత్త కాదు.

కర్ణాటక సంగీతం విన్న చెవికి నిజంగా కొత్తగా అనిపించేది వేరే ఉంది. మన దగ్గర ఏ క్షణంలో చూసినా రాగం ఒక్క దారిలో నడుస్తుంది, కింద తంబుర ఆధారంగా ఉంటుంది. ఇక్కడ ఒకే క్షణంలో వేర్వేరు వాద్యాలు వేర్వేరు స్వరాలు పలుకుతాయి. వాటి కలయికే హార్మొనీ. ఇంట్లో కీబోర్డు ఉంటే పరీక్షించవచ్చు. స, అంతర గాంధారం, ప మూడూ కలిపి నొక్కితే శంకరాభరణం నీడ పడుతుంది, దాన్ని మేజర్ అంటారు. గాంధారాన్ని ఒక్క మెట్టు దించి సాధారణ గాంధారం నొక్కితే మొత్తం రంగు మారిపోయి కీరవాణి వైపు జరుగుతుంది, అది మైనర్. ఒక్క స్వరం తేడా. ఐదో సింఫనీ కథంతా ఈ తేడాలోనే ఉంది. సి మైనర్‌లో మొదలైన సంఘర్షణ సి మేజర్‌లో వెలుగులోకి వస్తుంది.

రెండో మూవ్‌మెంట్‌లో వయోలాలూ చెల్లోలూ ఒక తీరికైన పాట ఎత్తుకుంటాయి, అది రూపాలు మార్చుకుంటూ తిరుగుతుంది. మూడోది చెల్లోలూ బేస్‌లూ మెల్లగా తడుముకున్నట్టు మొదలై, హార్న్‌లు మళ్లీ ఆ మూడు పొట్టి–ఒక పొడుగు లయను గర్జిస్తాయి. దాని చివర టింపని మెల్లగా కొడుతూనే ఉంటుంది, వయొలిన్లు దాని మీద పాకుతూ పైకి వెళ్తాయి, ఒక్కసారిగా నాలుగో మూవ్‌మెంట్ తెరుచుకుంటుంది. ఆ క్షణం దాకా ట్రాంబోన్ వాద్యకారులు మూడు మూవ్‌మెంట్లు చేతులు కట్టుకుని కూర్చుంటారు. ట్రాంబోన్, పికొలో అనే చిన్న ఫ్లూట్, కాంట్రాబసూన్ అనే పెద్ద బసూన్ ఈ సింఫనీలో మొదటిసారి మోగేది అక్కడే. హాల్లో ఉన్నవాళ్లు ఆ వాద్యాలు పైకి లేవడం కూడా చూస్తారు. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు గగుర్పొడిచే ఘట్టం ఇది.

ముగింపులో సి మేజర్ మోతలు ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉంటాయి. ఇదే చివరిది అనుకుంటే ఇంకొకటి. అక్కడ చెవి కంటే కన్ను నయం. కండక్టర్ చేతులు కిందికి దించి మన వైపు తిరిగితే అయిపోయినట్టు.

చప్పట్ల తగాదా: చరిత్ర ఏమంటోంది

మూవ్‌మెంట్ల మధ్య మౌనం మొదటి నుంచీ ఉన్న ఆచారం అనుకుంటే పొరపాటు. 1778లో మోజార్ట్ పారిస్‌లో తన సింఫనీ వినిపించి తండ్రికి ఉత్తరం రాశాడు. మొదటి మూవ్‌మెంట్ మధ్యలో జనానికి నచ్చుతుందని తను ముందే ఊహించిన ఒక చోట చప్పట్లు మోగాయనీ, అందుకే దాన్ని చివర్లో మళ్లీ తెచ్చాననీ సంబరంగా చెప్పుకున్నాడు. చివరి మూవ్‌మెంట్‌ను కావాలనే వయొలిన్లతో మెల్లగా మొదలుపెడితే జనం ఒకరినొకరు ‘ష్’ అనుకున్నారట, ఆర్కెస్ట్రా మొత్తం అందుకోగానే చప్పట్లు. 1783 మార్చి 23న వియన్నాలో ఆయన హాఫ్నర్ సింఫనీ మొదటి మూడు మూవ్‌మెంట్లతో కచేరీ మొదలుపెట్టి, మధ్యలో పాటలూ పియానో రచనలూ వినిపించి, నాలుగోదాన్ని కచేరీ చివర వాయించాడు. 1813 డిసెంబర్ 8న బీథోవెన్ ఏడో సింఫనీ తొలిసారి వినిపించినప్పుడు రెండో మూవ్‌మెంట్‌ను జనం అక్కడికక్కడే మళ్లీ వాయించమన్నారు, వాయించారు.

హైదరాబాద్ ముషాయిరాలు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. షేర్ నచ్చితే ‘ముకర్రర్’ అనడం, కవి మళ్లీ చదవడం మన నగరానికి అలవాటైన మర్యాద. కచేరీలో స్వరప్రస్తారం మధ్య ‘భళా’ అనడమూ అంతే. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ శ్రోత ఈ పద్ధతికి చాలా దగ్గరగా ఉండేవాడు.

పందొమ్మిదో శతాబ్దంలో ఇది మెల్లగా మారింది. మెండెల్సన్ తన స్కాటిష్ సింఫనీ (1842) మూవ్‌మెంట్లను మధ్యలో ఆపకుండా వాయించమని కోరాడు, రచన మొత్తం ఒకటిగా వినాలన్నది ఆయన ఉద్దేశం. జర్మనీలోని బైరాయిట్‌లో ఒపెరా స్వరకర్త వాగ్నర్ కట్టించిన నాటకశాలలో హాలును చీకటి చేసి, చూపంతా వేదిక మీదే ఉండేలా చేశారు. 1882లో అక్కడ ఆయన ఒపెరా పార్సిఫాల్ ప్రదర్శించినప్పుడు, అంకాల చివర నటులు మళ్లీ తెర ముందుకు రారని వాగ్నర్ చెప్పిన మాటను జనం అసలు చప్పట్లే వద్దన్నాడని అర్థం చేసుకున్నారు. తర్వాత ఒక ప్రదర్శనలో ఒక దృశ్యం నచ్చి వాగ్నర్ స్వయంగా ‘బ్రావో’ అంటే, ఎవరో తెలియక పక్కవాళ్లు ఆయన్నే ‘ష్’ అని ఊరుకోబెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మౌనం సర్వత్రా నియమంగా స్థిరపడింది.

నేటి వాదనలు రెండు వైపులా బలంగా ఉన్నాయి. మౌనం కావాలనేవాళ్లు చైకోవ్‌స్కీ ఆరో సింఫనీని (1893) చూపిస్తారు. దాని మూడో మూవ్‌మెంట్ యుద్ధంలో గెలిచినట్టు హోరుగా ముగుస్తుంది. అక్కడ చప్పట్లు కొట్టకుండా ఉండటం అనుభవజ్ఞులకూ కష్టమే. కానీ అసలు ముగింపు ఆ తర్వాత వచ్చే నాలుగోది, శోకంతో మెల్లగా అణగారిపోయేది. ఆ రెండింటి మధ్య ఉన్న అగాధమే ఆ రచనకు ప్రాణం. మధ్యలో హాలంతా చప్పట్లతో ఊగిపోతే ఆ అగాధం పూడిపోతుందన్నది వాళ్ల మాట. వాద్యకారుల ఏకాగ్రత కూడా ఇందులో ఉంది.

రెండో పక్షంలో వాద్యకారులే ఉన్నారు. ప్రఖ్యాత పియానిస్ట్ ఇమాన్యుయెల్ యాక్స్ మూవ్‌మెంట్ల మధ్య చప్పట్లు తనకు సంతోషమేనని బాహాటంగా రాశాడు. చాలా కాన్చెర్టోల మొదటి మూవ్‌మెంట్లు చప్పట్లను ఆహ్వానిస్తున్నట్టే ముగుస్తాయి, అక్కడ పిల్లి అడుగుల నిశ్శబ్దం అసహజం అని ఈ పక్షం వాదన. కొత్తవాళ్లను భయపెట్టి పంపేస్తున్నామన్న బాధ కూడా వాళ్లది. 2009లో వైట్‌హౌస్‌లో జరిగిన శాస్త్రీయ సంగీత కార్యక్రమంలో ఒబామా, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో కెనడీకి కూడా తెలిసేది కాదనీ, ఆయన సెక్రటరీ తలుపు సందులోంచి సైగ చేసేదనీ చెప్పి అతిథుల బెరుకు తీర్చాడు.

నా మటుకు నాకు ఇది ప్రతి రచనకూ ఒకే జవాబున్న ప్రశ్న కాదనిపిస్తుంది. చైకోవ్‌స్కీ ఆరోదానికి మౌనం అవసరం, మోజార్ట్ పారిస్ సింఫనీకి చప్పట్లు స్వయంగా రచయిత కోరుకున్నవి. ఏదేమైనా చప్పట్లు కొట్టినవాడిని పక్కవాళ్లు గుడ్లురిమి చూడటం మాత్రం ఏ పక్షం వాదనలోనూ లేదు.

ఉత్త అలవాట్లు

దుస్తుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వాద్యకారులు నల్ల దుస్తులు వేసుకోవడం వాళ్ల సంప్రదాయం, శ్రోతకు ఆ కట్టుబాటు లేదు. గలగలలాడే గాజులు మాత్రం మొదటి కోవలోకి, అంటే ధ్వని కోవలోకి వస్తాయి.

ముందే విని వెళ్లాలా

ఇందులోనూ రెండు అభిప్రాయాలున్నాయి. ఏమీ తెలియకుండా వెళ్తేనే మొదటి అనుభవం గాఢంగా ఉంటుందని కొందరంటారు. నలభై నిమిషాల రచనను ఒక్కసారి విని దేన్నీ గుర్తుపట్టలేం కాబట్టి ముందే రెండు మూడు సార్లు వినాలని మరికొందరు. ఆ కాలపు స్వరకర్తలకూ ఈ సమస్య తెలుసు. రికార్డింగులు లేని రోజుల్లో శ్రోత ఒక సింఫనీని జీవితంలో ఒకటి రెండు సార్లు వింటే గొప్ప. అందుకే మొదటి మూవ్‌మెంట్‌లో ముఖ్యమైన వరసలన్నీ పరిచయం చేశాక ఆ భాగాన్నంతా మళ్లీ మొదటి నుంచి వాయించమని రాసేవారు. ఐదో సింఫనీలోనూ ఆ సూచన ఉంది. ఆ తర్వాత ఆ వరసల్ని విరిచి, తిప్పి, వేరే స్వరస్థానాల మీదికి తీసుకెళ్లి, చివరకు మళ్లీ ఇంటికి తెస్తారు. మొదటి వరస మళ్లీ వచ్చినప్పుడు గుర్తుపట్టగలగడమే ఈ సంగీతంలో సగం ఆనందం. తెలిసిన కీర్తనలో సంగతులు వినడంలో ఉన్న సుఖమే ఇదీ. అందుకే నేను ముందే వినే పక్షాన ఉంటాను. కనీసం మొదటి మూవ్‌మెంట్ అయినా.

హైదరాబాద్‌లో ఏది దొరుకుతుంది

దేశంలో ఏకైక వృత్తి ఆర్కెస్ట్రాగా పేరున్న సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో ముంబైలో, అక్కడి ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ది పర్ఫార్మింగ్ ఆర్ట్స్) ఆధ్వర్యంలో ఏర్పడింది. ఎనభై మందిని, డబుల్ బేస్‌ల్ని, టింపనిల్ని విమానంలో తీసుకొచ్చి, తగినంత లోతున్న వేదిక చూసి, హోటల్ గదులు ఇచ్చి, ఒకే ఒక్క సాయంత్రం వాయింపజేయడం ఎంత ఖర్చో ఊహించవచ్చు. అందుకే పూర్తి ఆర్కెస్ట్రా మన నగరానికి అరుదుగా వస్తుంది. హైదరాబాద్ వెస్టర్న్ మ్యూజిక్ ఫౌండేషన్, జర్మన్ సాంస్కృతిక కేంద్రం గోథె సెంట్రుమ్, ఫ్రెంచ్ సాంస్కృతిక కేంద్రం అలియాన్స్ ఫ్రాంసేజ్ లాంటి సంస్థల ద్వారా ఇక్కడ ఎక్కువగా వినడానికి వీలయ్యేది పియానో కచేరీలు, స్ట్రింగ్ క్వార్టెట్లు లాంటి చిన్న బృందాలు. దీన్ని ఛాంబర్ సంగీతం అంటారు.

ఇది తక్కువ రకం అనుకోనక్కర్లేదు. క్వార్టెట్‌లో రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. కండక్టర్ ఉండడు. మొదటి వయొలిన్ వాద్యకారుడి ఊపిరి, తల కదలికే సైగ. నలుగురే కాబట్టి ఏ స్వరం ఎవరిదో చెవికి విడిగా తెలుస్తుంది. ఇందాక చెప్పిన హార్మొనీ, అంటే ఒకే క్షణంలో నాలుగు దారులు కలిసి నడవడం, తొంభై మంది ఆర్కెస్ట్రాలో కంటే ఇక్కడ తేలిగ్గా పట్టుబడుతుంది. రెండో వయొలిన్, వయోలా చేసే మధ్య స్వరాల పని సాధారణంగా మన దృష్టికి రాదు. కాసేపు పాటను వదిలేసి ఆ ఇద్దరి మీదే చెవి పెడితే, మేజర్ మైనర్ అయ్యే క్షణంలో ఆ ఒక్క గాంధారాన్ని దించేది ఎక్కువగా వాళ్లేనని తెలుస్తుంది.